పెరట్లో పుచ్చకాయ: ఉత్తర తెలంగాణ ఇంటి తోటల వారికి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, నర్సంపేట, పరకాల, జమ్మికుంట, మంచిర్యాల వైపు ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవాళ్లు, డాబా మీద కుండీలు పెట్టుకున్నవాళ్లు తర్బూజ పెడదామనుకున్నప్పుడు అడిగే ప్రశ్నలివి. ఎకరాల్లో వేసే రైతు లెక్క వేరు. ఇక్కడ మాట్లాడేది రెండు మూడు పాదుల గురించే. ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి: కాయకు తీపి వచ్చేది ఎరువు బస్తా నుంచి కాదు, ఆకుల నుంచి. ఆకు ఎండలో ఉండి, కాయ పండేదాకా పచ్చగా నిలబడితే చాలు. కింద చెప్పిన వాటిలో సగం ఆ ఆకును కాపాడుకోవడానికే.

మా పెరడు చిన్నది. పుచ్చకాయ కాస్తుందా?

జాగా కంటే ముందు ఎండ చూసుకోండి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ తగలాలి. వేపచెట్టు కింద, మామిడి నీడలో, రెండంతస్తుల ఇంటి గోడ పక్కన తీగ పెరుగుతుంది కానీ కాయ చప్పగా ఉంటుంది. ఎండ ఉంటే ఒక్కో పాదుకు ఆరడుగులు ఇటు, ఆరడుగులు అటు వదిలితే సరిపోతుంది. తీగ పదడుగులకు పైగా పాకుతుంది కాబట్టి వేరు ఒక మూలన ఉన్నా తీగను వాకిలి వైపో, ప్రహరీ వెంటో మళ్లించుకోవచ్చు.

గింజలు ఎప్పుడు పెట్టాలి?

మన దగ్గర సంక్రాంతి అటూఇటూ మంచి అదును. డిసెంబర్ రెండో సగం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు పెట్టొచ్చంటారు, కానీ ఇంటి తోటలో ఆ రెండు కొసల్లోనూ ఇబ్బంది ఉంది.

డిసెంబర్‌లో పెడితే చలి. పుచ్చ గింజకు వెచ్చదనం కావాలి. మట్టి 25 నుంచి 30 డిగ్రీలు ఉంటే వారంలోపే మొలక వస్తుంది. చల్లటి మట్టిలో గింజ కదలకుండా పడుకుని చివరికి కుళ్లిపోతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో చలికాలం రాత్రిళ్లు 10 డిగ్రీల కంటే కిందికి పోతాయి కాబట్టి అక్కడివాళ్లు జనవరి ఆఖరు దాకా ఆగడమే మేలు. వరంగల్, కరీంనగర్ వైపు అంత చలి ఉండదు. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే గింజ పెట్టేయొచ్చు.

ఆలస్యమైతే వచ్చే కష్టం ఇంకా పెద్దది. ఫిబ్రవరి ఆఖర్లో పెట్టిన తీగ ఏప్రిల్‌లో పూతకు వస్తుంది. అప్పటికి ఎండ ముదిరి పుప్పొడి సత్తువ తగ్గుతుంది, తేనెటీగలు పొద్దెక్కకముందే మాయమవుతాయి, తామర పురుగుల వల్ల వైరస్ తెగులు పెరుగుతుంది, బోర్లు అడుగంటుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, అప్పుడు పెడదాంలే అనుకునేవాళ్లు చాలామంది. చలి పోయేటప్పటికి తీగ నేల మీద పాకుతూ ఉండాలి, గింజ ప్యాకెట్లో ఉండకూడదు.

పెట్టిన రోజు నుంచి చాలా రకాలకు 75 నుంచి 90 రోజుల్లో కాయ కోతకు వస్తుంది. సంక్రాంతికి పెడితే ఏప్రిల్ మొదటి పదిహేను రోజుల్లో కాయ చేతికొస్తుంది. సరిగ్గా తినాలనిపించే రోజులు.

వానకాలంలో పెట్టకూడదా?

పెట్టొచ్చు, కాస్తుంది కూడా. కానీ మబ్బు పట్టిన రోజుల్లో కాయకు తీపి రాదు, ఆకులకు తెగుళ్లు, కాయలకు పండు ఈగ. ఆ జాగాలో బీరో, సొరో పెట్టుకోండి.

ఏ రకం మంచిది?

ఇంటికి షుగర్ బేబీ. కాయ గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా, మూడు నుంచి ఐదు కిలోల దాకా తూగుతుంది. నలుగురున్న ఇంట్లో ఒక్క పూటలో అయిపోతుంది, సగం కోసి ఫ్రిజ్‌లో ఇరికించాల్సిన పని లేదు. జాగా ఎక్కువుంటే అర్కా మాణిక్ చూడండి. ఇది బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన రకం. కాయ సగటున ఆరు కిలోలు, ఆకుపచ్చ తొక్క మీద చారలు, బాగా తీపి. బూడిద తెగులు, బూజు తెగులు, పక్షికన్ను తెగులును కొంతవరకు తట్టుకుంటుంది. మందు కొట్టడం ఇష్టం లేనివాళ్లకు ఆ గుణమే ముఖ్యం. అర్కా జ్యోతి కూడా ఆ సంస్థదే, కానీ హైబ్రిడ్.

తిన్న కాయలో గింజలు దాచి పెడితే రావా?

వస్తాయి. ఏ కాయ వస్తుందో మాత్రం చెప్పలేం. బజారులో అమ్మే కాయలు ఎక్కువగా హైబ్రిడ్‌వి. వాటి గింజ పెడితే ఒక తీగకు తీపి కాయ, పక్క తీగకు చప్పటి కాయ కాసినా ఆశ్చర్యం లేదు. మూడు నెలలు నీళ్లు పోసి చూసేకంటే ఒక ప్యాకెట్ కొనడం నయం. షుగర్ బేబీ, అర్కా మాణిక్ లాంటి హైబ్రిడ్ కాని రకాల గింజ దాచుకోవచ్చు, దగ్గర్లో వేరే పుచ్చ రకం లేకపోతే.

గింజలేని పుచ్చ ఇంట్లో పెంచొచ్చా?

వద్దు. విత్తనం ఖరీదు, మొలక మొండి. పైగా దాని పుప్పొడి పనికిరాదు, పక్కన మామూలు గింజల రకం ఒకటి తప్పనిసరిగా పెట్టాలి.

మాది ఎర్ర చెల్క. పక్కింటివాళ్లది నల్లరేగడి. ఎవరికి బాగా వస్తుంది?

మీకే. పుచ్చకు నీళ్లు త్వరగా ఇంకే నేల కావాలి. దుబ్బ నేల, ఎర్ర చెల్క, ఏటి ఒడ్డు ఒండ్రు దానికి ఇష్టం. చెల్కలో సత్తువ తక్కువ కాబట్టి పశువుల ఎరువు దండిగా వేయాలి, నీళ్లు కొంచెం కొంచెంగా తరచుగా ఇవ్వాలి. నల్లరేగడి వాళ్లు నిరాశపడక్కర్లేదు. జానెడు ఎత్తున మట్టి దిబ్బ కట్టి, దాని మీద గింజ పెడితే వేరు దగ్గర నీళ్లు నిలవవు. కొత్తగా ఇల్లు కట్టినవాళ్ల పెరట్లో అసలు సమస్య నేల రంగు కాదు, మట్టిలో కలిసిన సిమెంటు, కంకర, సున్నం. అక్కడ రెండడుగుల గుంత తీసి బయటి మట్టి పోసుకోవాల్సిందే. మట్టి పరీక్ష కావాలంటే మామునూరు, జమ్మికుంట, మల్యాల (మహబూబాబాద్ జిల్లా) కృషి విజ్ఞాన కేంద్రాల్లో మీకు దగ్గరున్న చోట అడగండి.

గుంత ఎలా తయారు చేయాలి?

గింజ పెట్టడానికి పది పదిహేను రోజుల ముందే పని మొదలుపెట్టాలి. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీయండి. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క వేయండి. పై మట్టిలో పెద్ద తట్టెడు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేప పిండి, ఒక గుప్పెడు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలిపి గుంత నింపి, ఒకసారి తడిపి వదిలేయండి. ఎరువు చివకకపోతే చెదలు, వేరు పురుగు వస్తాయి. పేడ వాసన ఇంకా ఘాటుగా వస్తుంటే అది ఎరువు కాలేదన్నట్టే.

గింజను నానబెట్టాలా?

రాత్రి నానబెట్టి, పొద్దున తడి గుడ్డలో మూటగట్టి వెచ్చటి చోట పెడితే మొలక త్వరగా వస్తుంది. రంగు పూసి ఉన్న కంపెనీ గింజలకు మందు పట్టించి ఉంటుంది. వాటిని నానబెట్టకుండా నేరుగా పెట్టండి, చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. అంగుళం లోతున పాదుకు మూడు గింజలు పెట్టి, మూడు నాలుగు ఆకులు వచ్చాక బలమైనదొకటి ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే ఉంచుకున్న మొక్క వేరు కూడా కదులుతుంది.

నారు పోసుకుని నాటవచ్చా?

పేపర్ కప్పుల్లో పోసుకుంటే సరే. వేరు కదిలితే పుచ్చ మొక్క చాలా రోజులు అలిగి కూర్చుంటుంది. రెండు అసలు ఆకులు రాగానే, కప్పు అడుగు చింపి, మట్టి ముద్ద విడిపోకుండా నాటేయాలి. చలి ఎక్కువున్న ఊళ్లలో ఈ పద్ధతే మంచిది, కప్పుల్ని రాత్రి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

తర్వాత ఏం ఎరువులు వేయాలి?

చాలా తక్కువ. గింజ పెట్టిన 25, 30 రోజులకు ఒకసారి, పూత మొదలయ్యేటప్పుడు ఒకసారి, పాదుకు పది గ్రాముల యూరియా మొదలుకు జానెడు దూరంలో వేసి నీళ్లు పెట్టండి. రెండోసారి వేసేటప్పుడు పది గ్రాముల పొటాష్ కలపండి. రసాయనాలు వద్దనుకుంటే ఆ రెండు సార్లూ నాలుగు గుప్పిళ్ల వర్మీ కంపోస్టు, మధ్యలో జీవామృతం. యూరియా ఎక్కువైతే తీగ చూడ్డానికి ఏపుగా ఉంటుంది, మగ పూలే వస్తాయి, కాయ పగులుతుంది. పక్కింటి తీగ పచ్చగా ఉందని పోటీకి పోకండి.

నీళ్లు ఎన్ని రోజులకోసారి పెట్టాలి?

రోజుల లెక్క పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి గుచ్చి చూడండి. పొడిగా ఉంటే పెట్టండి, చల్లగా తగిలితే ఆగండి. జనవరిలో చెల్క నేలకు మూడు నాలుగు రోజులకోసారి సరిపోయేది మార్చి ఆఖరుకు దాదాపు రోజూ కావాలి. రేగడిలో అంత అక్కర్లేదు.

ఒక్కో దశకు తేడా ఉంది. పిందె పడి కాయ ఊరే రోజుల్లో తడి ఆరిపోకూడదు. నాలుగు రోజులు ఎండబెట్టి అయిదో రోజు బక్కెట్లు బక్కెట్లు పోస్తే కాయ టప్పున పగులుతుంది. ఊరెళ్లి వచ్చిన వాళ్ల తోటల్లో పగుళ్లు కనిపించేది ఇందుకే. కోతకు వారం, పది రోజుల ముందు మాత్రం నీళ్లు బాగా తగ్గించండి, అప్పుడు తీపి చిక్కబడుతుంది. తీగ వాడిపోయేంతగా ఆపకండి.

పొద్దున్నే, మొదలు దగ్గర పోయాలి. పైపు పట్టుకుని ఆకుల మీద కొడితే తెగుళ్లను పిలిచినట్టే. పాదు చుట్టూ వరిగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కాయకు పరుపూ అవుతుంది.

మధ్యాహ్నం ఆకులు వాలిపోతున్నాయి. నీళ్లు చాలట్లేదా?

సాయంత్రానికి లేస్తే భయం లేదు, ఎండకు అలా ముడుచుకుంటాయి. పొద్దున ఆరింటికి కూడా వాలి ఉంటే మట్టి చూడండి. మట్టి తడిగా ఉండి కూడా తీగ వాడుతుంటే అది ఎండు తెగులు. ఆ తీగను వేరుతో సహా తీసేయాలి, మందుతో బాగు కాదు.

పూలు బోలెడు వస్తున్నాయి, ఒక్క పిందె లేదు. ఎందుకు?

అందరికీ టెన్షన్ పెట్టే ప్రశ్న ఇదే. ముందుగా వచ్చేవన్నీ మగ పూలు. ఆడ పూలు ఓ వారం, పది రోజులు వెనక వస్తాయి. పువ్వు కింద చూడండి: గోలీకాయంత బుల్లి పుచ్చకాయ ఉంటే ఆడది, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. అందుకే మొదటి పూలు రాలిపోతున్నాయని ఏదో మందు కొట్టేయకండి.

ఆడ పూలు వచ్చినా పిందె నిలవకపోతే పరాగసంపర్కం జరగట్లేదన్నమాట. పుచ్చ పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. తేనెటీగ మోసుకురావాల్సిందే. పట్నంలో కాలనీల నడుమ తేనెటీగలు తక్కువ. అప్పుడు మనమే ఆ పని చేయాలి. పువ్వు ఒక్క రోజే విచ్చుకుంటుంది, అదీ పొద్దున్నే. ఏడు, తొమ్మిది మధ్య అప్పుడే విచ్చిన మగ పువ్వు తెంపి, రేకులు వెనక్కి విరిచి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఆడ పువ్వు లోపల మూడు భాగాలుంటాయి, మూడింటికీ పొడి అంటాలి. ఒక పక్కే అంటితే కాయ వంకర పెరుగుతుంది. ఒక ఆడ పువ్వుకు రెండు మగ పూలు వాడితే నమ్మకం. పని అయ్యాక పువ్వుకు దారం కట్టి తేదీ రాసుకోండి, కోత సమయంలో ఇది ఎంత అక్కరకొస్తుందో కింద చూస్తారు.

ఆడ పూలు పెరగడానికి వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మాట ఒకటుంది: మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు లీటరు నీటికి మూడు, నాలుగు గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేయడం. ఆ వయసు దాటాక కొట్టి లాభం లేదు.

పాదుల మధ్య నాలుగు బంతి మొక్కలు పెట్టుకుంటే తేనెటీగలు వస్తాయి. పూత రోజుల్లో ఏ మందైనా పొద్దున కొట్టకండి, వేప నూనె అయినా సరే, సాయంత్రమే.

పిందెలు నిమ్మకాయంత అయ్యి పసుపు పచ్చగా మారి రాలుతున్నాయి.

పొడి సరిగా అంటకపోవడం ఒక కారణం. పిందె మీద సన్నటి చిల్లు, దాని చుట్టూ జిగురు కనిపిస్తే పండు ఈగ. లేదంటే తీగ మోయలేనన్ని పిందెలు పట్టి తనే వదిలించుకుంటోంది, దాన్ని పట్టించుకోకండి.

తీగకు ఎన్ని కాయలు ఉంచాలి?

షుగర్ బేబీకి రెండు, మహా అయితే మూడు. పెద్ద రకాలకు రెండు. మొదలుకు మరీ దగ్గరగా పట్టిన మొదటి పిందె చిన్నగా, సొట్టగా తయారవుతుంది, దాన్ని తీసేయండి. తర్వాతి వాటిలో నున్నగా, కోలగా ఉన్నవి ఉంచండి. పిందె తెంపడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, తెలుసు. ఉన్న ఆకులు చేసే చక్కెర ఆరు కాయలకు పంచితే ఆరూ దోసకాయ రుచే. తెంపినవి పారేయక్కర్లేదు, కూర వండుకోండి.

కొసలు తుంచడం గురించి కూడా అడుగుతారు. నేల మీద జాగా ఉంటే తుంచొద్దు. ప్రతి ఆకూ కాయకు అన్నం పెట్టేదే.

కాయ అడుగు నల్లబడి కుళ్లుతోంది.

పువ్వు రాలిన కొస నల్లబడితే కాల్షియం అందడం లేదని. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కావడంతో కాయదాకా చేరదు. నీళ్లు సరిచేయండి. నేలకు ఆనిన పక్క కుళ్లితే తడి మట్టి వల్ల. కాయ కింద ఎండు వరిగడ్డి మెత్తగా పరచండి. ఏప్రిల్ ఎండకు ఆకు చాటు లేని కాయ పైభాగం తెల్లగా కాలుతుంది, దాని మీదా గుప్పెడు గడ్డి కప్పండి. కాయను మాటిమాటికీ తిప్పి చూడకండి, కాడ విరుగుతుంది.

పురుగులు, తెగుళ్లకు ఏం చేయాలి?

చిన్న మొక్కల ఆకులను జల్లెడ చేసేది నారింజ రంగు పెంకు పురుగు. పొద్దున్నే చలికి మందకొడిగా ఉంటుంది, అప్పుడు చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయండి. ఆకులు పైకి ముడుచుకుని, తీగ కొస నల్లబడి ఎండితే తామర పురుగు, అది తెచ్చే మొవ్వకుళ్లు వైరస్. నీలం రంగు జిగురు అట్టలు ముందే కట్టుకోవాలి. వైరస్ పట్టిన తీగకు మందు లేదు, పీకి కాల్చేయండి.

వేప గింజల కషాయం ఇంట్లోనే చేసుకోవచ్చు. 50 గ్రాముల వేప గింజలు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి.

పండు ఈగకు క్యూ లూర్ ఎర బుట్ట కట్టాలి. దుకాణంలో ఈగ బుట్ట అనగానే మామిడి తోటలకు వాడే మిథైల్ యూజినాల్ ఎర చేతిలో పెడతారు. పుచ్చ మీద వాలే ఈగ దానికి రాదు. పేరు చదివి కొనండి. ఈగ కుట్టిన పిందెల్ని చెత్తకుప్పలో వేయకుండా ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఎండలో పడేయండి.

బూడిద తెగులు రాగానే చాలామంది గంధకం చల్లుతారు. మిరపకు, మామిడికి అది సరే. పుచ్చ, దోస జాతి తీగల మీద గంధకం పడితే ఆకులు మాడిపోతాయి. తెగులు సోకిన ముదురు ఆకులు తీసేసి, తీగలు ఒకదానిమీదొకటి పడకుండా విడదీయండి.

కోతులు?

హన్మకొండ వాడల్లో ఉండి ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. కారం నీళ్లు, ఎర్ర గుడ్డలు, పులి బొమ్మలు రెండు రోజులే పనిచేస్తాయి. కాయ కొబ్బరికాయంత కాగానే గడ్డితో కనబడకుండా కప్పడం, ఇనుప జాలీ బోర్లించి రాళ్లు పెట్టడం, ఈ రెండిటికే కోతులు కాస్త ఆగుతాయి. ఊరి అంచున ఉన్నవాళ్లకు అడవి పందుల బాధ కూడా ఉంటే ముళ్ల కంప వేయక తప్పదు.

డాబా మీద కుండీలో వస్తుందా?

వస్తుంది, పెద్ద గ్రో బ్యాగులో. కనీసం 50 లీటర్లు పట్టేదానిలో ఒక్క మొక్క. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలపండి. తీగను పందిరికి ఎక్కించి, కాయ బత్తాయంత అయ్యాక పాత చీర ముక్కతో ఉయ్యాల కట్టండి, బరువు కాడ మీద పడకూడదు. ఇక్కడ మాత్రం పక్క కొమ్మలు కొన్ని తుంచి ఒక్క కాయే ఉంచుకోండి. డాబా సెగ మామూలుది కాదు. బ్యాగు కింద ఇటుకలు పెట్టి, మార్చి నుంచి పొద్దున, సాయంత్రం నీళ్లు పోయాలి.

పక్కన కాకర పాదు ఉంటే పుచ్చ చేదెక్కుతుందా?

ఎక్కదు. పుచ్చకు కాకరతో గానీ దోసతో గానీ సంకరం జరగదు. దగ్గర్లో వెర్రిపుచ్చ ఉండి దాని పుప్పొడి పడినా ఈ ఏటి కాయ రుచి మారదు, ఆ గింజ దాచి మళ్లీ పెడితేనే తేడా తెలుస్తుంది.

కాయ పండిందని ఎలా తెలుస్తుంది?

తట్టి చూడటం ఒక్కటే నమ్ముకుంటే మోసపోతారు. పచ్చి కాయ ఖంగుమంటుంది, పండింది దబ్ దబ్‌మంటుంది, నిజమే. కానీ ఆ తేడా పట్టాలంటే మార్కెట్లో ఏళ్ల తరబడి కాయలు తట్టిన చెయ్యి కావాలి.

ఇంటి తోటలో అంతకంటే నమ్మకమైన గుర్తులున్నాయి. కాయ కాడ ఉన్న కణుపు దగ్గరే స్ప్రింగులా చుట్టుకున్న నులితీగ ఒకటుంటుంది. అది పచ్చగా ఉంటే కాయ ముట్టుకోకండి, మొదలుదాకా ఎండిపోతే కాయ సిద్ధమైనట్టే. తర్వాత కాయను కొద్దిగా ఎత్తి నేలకు ఆనిన మచ్చ చూడండి: తెల్లగా ఉంటే ఇంకా ఉంది, వెన్న రంగుకో పసుపుకో తిరిగితే పండింది. పై తొక్క నిగనిగ తగ్గి మసకబారుతుంది. దారం కట్టి రాసుకున్న తేదీ ఇప్పుడు తీయండి. చిన్న రకాలకు పువ్వు నుంచి 30 రోజులు, పెద్ద వాటికి 40 దాకా పడుతుంది. ఇందులో మూడు గుర్తులు కలిస్తేనే కోయండి. కాడ రెండంగుళాలు ఉంచి కత్తితో కోయాలి, మెలిపెట్టి లాగకూడదు.

తొందరపడి కోసేశాం. వడ్లల్లో మాగబెడితే తీపి వస్తుందా?

రాదు. మామిడి మాగుతుంది, పుచ్చ మాగదు. కోసిన క్షణం ఎంత తీపో అంతే.

కోస్తే మధ్యలో గుల్లగా, చీలి ఉంది. తినొచ్చా?

తినొచ్చు. పూత రోజుల్లో చలో, పుప్పొడి చాలకపోవడమో కారణం. పుల్లటి వాసన, నురగ వస్తే మాత్రం పారేయండి.

పంట అయ్యాక ఆ జాగాలో ఏం పెట్టాలి?

మళ్లీ పుచ్చ కాదు, దోస, సొర, కాకర, గుమ్మడి కూడా కాదు. ఎండు తెగులు శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది, మూడేళ్లయినా చోటు మార్చాలి. తీగలన్నీ తీసి, తెగులున్నవి కాల్చి, మంచివి ఎరువు గుంతలో వేయండి. ఏప్రిల్ ఆఖరు నుంచి మట్టిని తిరగేసి ఎండకు వదిలేయండి. రోహిణి కార్తె ఎండకు చాలా పురుగు గుడ్లు చస్తాయి. మృగశిర వానలు పడగానే అక్కడ అలసంద గానీ బెండ గానీ వేసుకోవచ్చు.